ఉద్యోగి నోరు – యజమాని కట్టడి
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



“మన యువకులు – ఉద్యోగములు” అను విషయమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నుఁ గోరిరి. అది సముద్రమువంటిది. వసతిగృహమునుగూర్చియుఁ బోటీపరీక్షల శిక్షణమునుగూర్చియు నాకంటె బాగుగాఁ జెప్పఁగలవారు ఈ వేదికమీఁదనే యున్నారు. నేను గుమాస్తాగాఁ బ్రవేశించి ముప్పదియైదు సంవత్సరములు ప్రభుత్వపుఁ గొలువు చేసినవాఁడను. పదవీవిరమణానంతరము మనవారి పిల్లలు తమకు వచ్చిన మెమోలను దెచ్చి, సంజాయిషీ వ్రాసి పెట్టుమని నాయొద్దకు వచ్చుచుందురు. పూర్వము ఆ మెమోలు వేళకు రాకపోవుటనుగూర్చియో, సెలవు మీఱుటనుగూర్చియో, లెక్కలలోని తేడానుగూర్చియో యుండెడివి. ఇటీవల నూతనజాతి మెమో యొకటి పుట్టినది. “నీవు ఫలానాదినమున ఫేస్‌బుక్కులో నిట్లు వ్రాసితివి, యూట్యూబులో నిట్లు పలికితివి, నీమీఁద క్రమశిక్షణచర్య యేల తీసికొనఁగూడదు?” అని దాని ధోరణి. నేఁటి నా ప్రసంగము దీనినిగూర్చియే. పనిలో నున్నవాఁడు తన పనివలనఁ దెలిసికొన్నదానిని పదుగురకుఁ జెప్పవచ్చునా? చెప్పినచో యజమాని యేమి చేయఁగలఁడు? చెప్పకున్న లోకమున కెంత నష్టము?

ఇది పట్టణములవారి వినోదవిషయమని కొందఱు తలంతురేమో. 2020 ఏప్రిల్‌లో, కరోనా తొలిదినములలో, అప్పటి చిత్తూరుజిల్లాలోని నగరి పురపాలకసంఘపుఁ గమిషనరు, సిబ్బందికి రక్షణసామగ్రియు నిధులును లేవని చెప్పిన దృశ్యచిత్ర మొకటి ఇంటింటి సెల్‌ఫోనులలోఁ దిరిగినది. ఆయనను సస్పెండు చేసిరి. అదే నెలలో, దానికిఁ గొలఁదిదినములకు ముందు, అప్పటి విశాఖపట్టణపు జిల్లాలోని నర్సీపట్టణము ప్రాంతీయవైద్యశాలలో మత్తువైద్యుఁడైన డాక్టరు సుధాకరు, వైద్యులకుఁ జాలినన్ని ఎన్-95 ముసుగులు లేవని బహిరంగముగాఁ బలికి సస్పెండయ్యెను. మేనెలలో నాయనను విశాఖవీథిలోఁ బోలీసులు చేతులు వెనుకకుఁ గట్టి తీసికొనిపోవుచున్న దృశ్యమును దేశమెల్లఁ జూచినది. రాష్ట్రపు హైకోర్టు ఆ విచారమును సీబీఐకి నప్పగించెను. 2021 మేలో నాయన మరణించెను. ఆయన పలికిన తీరునుగూర్చి యెవరి యభిప్రాయము వారి కుండవచ్చును. ముసుగు కావలెనని యడిగిన వైద్యునికథ యట్లు ముగియుట మాత్రము ఎవరికిని సంతోషకరము కాదు. 2021 ఏప్రిల్ 30వ తేదీన సుప్రీముకోర్టు, ప్రాణవాయువు లేదని, మంచములు లేవని ప్రజలు సామాజికమాధ్యమములలో మొఱపెట్టుకొన్నచో వారి నోరు నొక్కుట న్యాయస్థానధిక్కారముగా నెంచఁబడునని హెచ్చరించెను. ఆ మాట ఒక సంవత్సరము ముందు వచ్చియుండినచో నెంత బాగుండెడిది!

ఇఁక శాసన మేమి చెప్పుచున్నదో చూతము. కేంద్రప్రభుత్వోద్యోగుల ప్రవర్తననియమములును, మన రాష్ట్రపు నియమములును 1964వ సంవత్సరమునాఁటివి. వాని మూలభావము తెల్లదొరల కాలమునాఁటిదే. ప్రభుత్వపు విధానములను, చర్యలను విమర్శించునట్టి మాటను ప్రభుత్వసేవకుఁడు బహిరంగముగాఁ బలుకరాదు. కచేరీ కాగితములను, అందలి సంగతులను అనుమతి లేక యొరులకుఁ దెలుపరాదు. అట్లని నియమములు అన్నిటిని మూసివేయలేదు. కేంద్రనియమములప్రకారము ఉద్యోగి గ్రంథము ప్రకటించినను, ప్రజామాధ్యమమునఁ బాల్గొన్నను, ఇవి నా స్వంత యభిప్రాయములే కాని ప్రభుత్వమువారివి కావని స్పష్టపఱుపవలయును. అనఁగా వ్రాయవచ్చునన్నమాటయే గదా! ఈ రెండవ భాగమును మన పిల్లలలో నూటికిఁ బదుగురైన నెఱుఁగరు. మెమో వ్రాయు అధికారులలోఁ గొందఱును ఎఱుఁగరని నా యనుభవము.

న్యాయస్థానములు సయితము రెండువైపులను జూచినవి. 1962లో కామేశ్వరప్రసాదు కేసునందు, కొలువులోఁ జేరినంతమాత్రమున మనుష్యుఁడు రాజ్యాంగమిచ్చిన వాక్‌స్వాతంత్ర్యమును గుమ్మమువెలుపల విడిచి రాఁడని సుప్రీముకోర్టు తేల్చి, ప్రదర్శనలనన్నిటిని నిషేధించిన బీహారునియమమును గొట్టివేసినది. సమ్మె చేయుటకు మాత్రము అట్టి హక్కు లేదన్నది. కర్ణాటకమునందలి చిన్నపరిశ్రమల కార్పొరేషనులోని దేవేంద్రప్ప యను నుద్యోగి, సంస్థపాలనను దూషించుచు గవర్నరునకు లేఖ వ్రాసి పత్రికలకుఁ బ్రకటన యిచ్చెను. ఆయన తొలఁగింపు న్యాయమేయని 1998లో నదే కోర్టు పలికినది. త్రిపురరాష్ట్రమున మత్స్యశాఖలోని యొక గుమాస్తాకు విచారణ వచ్చినది. ఆమె పదవీవిరమణమునకుఁ గొన్నిదినములే మిగిలియుండఁగా ఫేస్‌బుక్కువ్రాఁతను గూడఁ జూపి సస్పెండు చేసిరి. ప్రభుత్వసేవకురాలైనంతమాత్రమున నామెకు మాటహక్కు పోదనియు, నియమముల గీఁటు దాఁటనంతవఱకుఁ దన నమ్మకములను దాను చెప్పుకొనవచ్చుననియు 2020 జనవరిలో నచ్చటి హైకోర్టు తీర్పు చెప్పినది. ఈ మూఁడు తీర్పులను పక్కపక్కనఁ బెట్టుకొని చదివినవానికి గీఁటు ఎచ్చట నున్నదో కొంత తెలియును. పూర్తిగాఁ దెలియునని నేను జెప్పను. వకీలులకుఁ గూడ పూర్తిగాఁ దెలిసియుండినచో కోర్టులకుఁ బని యుండదు గదా!

విమర్శ వేఱు, సలహా వేఱు. నాయొద్దకు వచ్చిన కాగితములలో హెచ్చుభాగము విమర్శనుగూర్చినవి కావు. పరోపకారబుద్ధితోఁ జెప్పిన సలహాలనుగూర్చినవి. ఒక యుదాహరణము మనవి చేసెదను. మనవాఁడొకఁడు, పేరును గొలువును జెప్పను, పింఛనుదారుల పని చూచు చోట నున్నాఁడు. ముసలివారి వ్రేలిముద్రలు యంత్రమునకుఁ దెలియక, జీవనప్రమాణపత్రముకొఱకు వారు మూఁడుసారులు నాలుగుసారులు తిరుగుచుండుట చూచి జాలిపడి, ముఖమును జూపి యింటనుండియే యా పత్రమును బొందు విధమును దెలుఁగులో వివరముగా వ్రాసి ఫేస్‌బుక్కులోఁ బెట్టెను. పల్లెలలోని పింఛనుదారుల పిల్లలు దానిని జదివి దీవించిరి. అచ్చటికే యాపియుండినచో నేను వానిని ఈ సభలో సన్మానింపుఁడని కోరియుందును. వాఁడు చివర నొకవాక్యము చేర్చెను: మా చోట మధ్యాహ్నము రెండుగంటలలోపల వచ్చినవారిని బలుకరించు దిక్కు లేదని. అంతేకాక, పద్ధతి చక్కఁగా నర్థమగుటకని యొక వృద్ధుని పత్రమును ఫొటో తీసి చేర్చెను; దానిలో నాయన పేరును, ఖాతాసంఖ్యయును స్పష్టముగాఁ గనఁబడుచుండెను.

మెమో వచ్చినది. ఆ మెమో వ్రాసిన యధికారికిఁ గోపము తెప్పించినది రెండుగంటల వాక్యము. నిజముగా నేరమైనది ఫొటో. మెమోలో దానినిగూర్చి యొక్కపంక్తియే యున్నది! ఖాతాసంఖ్య దొంగల చేతఁ బడినచో నా వృద్ధుని సొమ్మునకు బాధ్యులెవరు? 2023లో వ్యక్తిగతసమాచార సంరక్షణమునకై పార్లమెంటు ప్రత్యేకశాసనమునే చేసినది. నేను వ్రాసి యిచ్చిన సంజాయిషీలో ఫొటోకుఁ దప్పు నొప్పుకొనుమంటిని. రెండుగంటల వాక్యమునుగూర్చి, అది ముందుగాఁ బై యధికారికి వ్రాఁతమూలకముగాఁ జెప్పవలసిన మాట యని వినయముగా నంగీకరింపుమంటిని. సలహాభాగమునకు మాత్రము ఒక్క యక్షరమును వెనుకకుఁ దీసికొనవలదంటిని. హెచ్చరికతో వదలిరి. ఆ సలహావ్రాఁత నేఁటికిని జనులకు నుపయోగపడుచునే యున్నది.

లోపల నున్నవాని సలహాకు వెలుపలివాని సలహాకు లేని విలువ కలదు. ఈ తిరుపతిక్షేత్రమున నివసించు మనకుఁ దెలియని సంగతియా? కొండమీఁద దర్శనమెప్పుడు సుకరము, టోకెను లెచ్చట నిచ్చుదురు, గది దొరకునా యని దేశపు నలుమూలలనుండి బంధువులు మనలను నడుగుచుందురు. దేవస్థానములోఁ జుట్టమున్నవాని యింటిఫోను బ్రహ్మోత్సవదినములలో నిదురపోదు! (సభలో నవ్వులు.) నవ్వినవారిలో నడిగినవారు నున్నారు. ఆ చుట్టమొక చిన్నమాట జాఱవిడిచినను, “లోపలివాఁడు చెప్పినాఁ”డని యది గడియలో వేలమంది చేతులలోనికిఁ బోవును. నిజమైనచో మేలు. సగమే నిజమైనచో? 2025 జనవరి 8వ తేదీ రాత్రి ఈ తిరుపతిలో వైకుంఠద్వారదర్శనపు టోకెనులకై చేరిన జనము త్రొక్కిసలాటలోఁ జిక్కి ఆఱుగురు ప్రాణములు గోల్పోయిరి. అస్వస్థురాలైన యొక యాత్రికురాలిని వెలుపలికిఁ దెచ్చుటకై తలుపు తెఱవఁగా, టోకెనులకు వదలుచున్నారని తలంచి జనము ముందునకు దూఁకెనని పత్రికలు వ్రాసినవి. అది ఫోనులలోని మాటవలనఁ గలిగినది కాదు. తలుపొకటి తెఱచుకొన్న సంకేతమే యంతపని చేయఁగలిగినప్పుడు, “రేపటి టోకెనులు నేఁటిరాత్రియే యిచ్చుచున్నా”రని లోపలివాఁడు వ్రాసిన యొక్కపంక్తి యేమి చేయఁగలదో యోచింపుఁడు. సమయములు, సంఖ్యలు, మార్పులు – ఇవి సంస్థ నోటనే రావలయును. ఉద్యోగి ఆ ప్రకటనను జూపవచ్చును, వివరింపవచ్చును. తానే ప్రకటన కాఁగూడదు.

అయితే సంస్థ నోరు తెఱవకపోయినచో నేమి చేయుట? ఇచ్చట యజమానులకును నాదొక మాట కలదు. 2005 సంవత్సరపు సమాచారహక్కుచట్టములో నాలవ సెక్షనున, ప్రతి ప్రభుత్వకార్యాలయమును ఎవరు నడుగకయే ప్రకటింపవలసిన విషయములు 17 శీర్షికలక్రింద నున్నవి. అధికారుల విధులు, పనిజరుగు పద్ధతి, నియమములు, దరఖాస్తుల విధానములు అందలివే. వీనిని మంచి తెలుఁగులో, సామాన్యునికిఁ దెలియునట్లు కార్యాలయమే ప్రకటించుచుండినచో, గుమాస్తా రాత్రి కూర్చుండి ఫేస్‌బుక్కులో వ్రాయవలసిన యగత్యమే యుండదు. పెట్టవలసినవాఁడు పెట్టకపోవుటచేతనే కదా పొరుగువాఁడు వడ్డింపవలసి వచ్చుట!

లోపలి యక్రమమును వెల్లడించుట మఱియొక ప్రశ్న. “ఇంటిగుట్టు లంకకుఁ జేటు” అని మన సామెత. ఈ సామెతను యజమానులు మిక్కిలి ప్రీతితోఁ జెప్పుదురు. కాని విభీషణుఁడు మొదట నేమి చేసెను? నిండుకొలువులో నన్నముఖము చూచి హితము చెప్పెను. అవమానము పొంది, వెడలఁగొట్టఁబడిన పిమ్మటనే సముద్రము దాఁటెను. చెప్పుటకుఁ గొలువు, వినుటకు దొర – ఈ రెండును లేనిచోటనే గుట్టు బయటఁ బడును. అక్రమములను వెల్లడించువారిని గాపాడుటకై 2014లో నొక చట్టము రాష్ట్రపతి యామోదమును బొందినది గాని, ఏండ్లతరబడి యమలులోనికి రాలేదు. ఆ చట్టమైనను రక్షణ నిచ్చునది తగిన యధికారికిఁ జెప్పినవానికే, వీథిలోఁ జెప్పినవానికిఁ గాదు. కాఁబట్టి మన పిల్లలారా, అక్రమము కనఁబడినచో మొదట కాగితముమీఁద వ్రాసి, పైవారి కిచ్చి, అందినట్లు సంతకము తీసికొనుఁడు. ఆ సంతకము ఫోనులోని వేయి మెచ్చుకోళ్లకంటె విలువైనది.

ఇఁక ప్రైవేటుకొలువులు. సత్యవేడువైపున శ్రీసిటీ వచ్చిన తరువాత మన కులపు బిడ్డలు, ముఖ్యముగా నాఁడుబిడ్డలు, కర్మాగారములలోఁ బెక్కుమంది చేరిరి. చెన్నపట్టణమునకును బెంగుళూరునకును బోయి సాఫ్టువేరు కంపెనీలలో నున్నవారు వేఱు. అట్టి కంపెనీలలోఁ జేరునాఁడు ముప్పది నలువది పుటల కాగితమును – సామాజికమాధ్యమనీతి యని దానికిఁ బేరు – కంప్యూటరుతెరమీఁదఁ జూపి, అంగీకరించితినని నొక్కుమందురు. బిడ్డ నొక్కును. అది యింగ్లీషు, అందును వకీళ్ల యింగ్లీషు. 1946 సంవత్సరపు స్థాయీ యుత్తరువుల చట్టము, పరిశ్రమలోని నియమములను బనివారిలో హెచ్చుమందికిఁ దెలిసిన భాషలోఁ గూడ, పనివారు ప్రవేశించు ద్వారమువద్దనే కట్టవలెనని విధించెను. నియమములు స్థిరపడుటకు ముందు పనివారి యాక్షేపణలు వినవలెననియు విధించెను. దాదాపు ఎనుబదియేండ్లకు ముందు నాగరికమైన యీ రెండు మర్యాదలను, నేఁటి తెరమీఁది కాగితములు మఱచిపోయినవి. చదువఁజాలని భాషలోని నియమమును మీఱెనని మనుష్యుని దండించుట, చీఁకటిలో గీఁటు గీసి దాఁటితివనుటవంటిది.

యజమానులందఱు నొక్కటి కాదు. 2005 జనవరిలో ఎడింబరోపట్టణమునఁ బుస్తకముల యంగడిలో 11 సంవత్సరములు పనిచేసిన యొకఁడు, తన బ్లాగులో నంగడిని, పై యధికారిని వెక్కిరించెనని కొలువు గోల్పోయెను. అదే సంవత్సరమున అమెరికాలోని ఐబీఎం సంస్థ మఱియొక త్రోవఁ ద్రొక్కినది. తన యుద్యోగులనే కూడి నియమములు వ్రాసికొనుఁడన్నది. వారు వ్రాసికొన్నవి చాల సామాన్యమైనవి: నీవెవ్వఁడవో దాఁచకుము, “మే”మని కాక “నే”నని వ్రాయుము, ఇవి నా మాటలే కాని సంస్థమాటలు కావని చెప్పుము, రహస్యములను, ఖాతాదారుల సంగతులను బయటఁ బెట్టకుము. కోపముతోనో భయముతోనో వ్రాసిన నియమముకంటె, పనిచేయువారు కూర్చుండి వ్రాసికొన్న నియమము మన్నికగలదని నా నమ్మకము.

కొన్ని వృత్తులకు వేఱు కట్టడులు కలవు. వానిని స్పృశించి విడిచెదను. వైద్యుల సామాజికమాధ్యమవర్తనమునుగూర్చి జాతీయవైద్యసంఘము 2023 ఆగస్టులో నియమములు ప్రకటించి, మూఁడువారములలోపలనే వానిని నిలిపివేసినది. పెద్దలే తడఁబడుచున్నారన్నమాట. బ్యాంకులోనో బీమాలోనో పనిచేయు యువకుఁడు ఫలానా వాటాలు కొనుఁడని సలహా లిచ్చుట మాత్రము మంచిది కాదు. ప్రతిఫలము తీసికొని పెట్టుబడిసలహా లిచ్చువారు సెబీవద్ద నమోదు కావలెనని 2013 సంవత్సరపు నిబంధనలు కలవు. ఉపాధ్యాయులు పాఠములు చెప్పి యూట్యూబులోఁ బెట్టుట నేను మెచ్చుకొందును. దానిపై రాఁబడి వచ్చుట మొదలైనచో నది ప్రక్కవ్యాపార మగునేమో పైవారి నడిగి వ్రాఁతగా ననుమతి తీసికొనవలయును.

ఇప్పుడు మనయింటిలోనికి వత్తము. మన సంఘమునకు వాట్సాపుకూటములు మండలమున కొకటి యున్నవి. సంబంధములు చూచుకొనుటకును, రక్తదానమునకును, చావు పెండ్లి వార్తలకును అవి చాల నుపకరించుచున్నవి. కాని వానిలో మఱియొకటి జరుగుచున్నది. కచేరీలో నున్న “మనవాఁడు” బదిలీల జాబితా సంతకము కాకమునుపే తెచ్చి వేయును. పోటీపరీక్షల సంగతులు వేయును. ఫలానా కాగితము ఫలానా బల్లమీఁద నున్నదని చెప్పును. మనము చప్పట్లు కొట్టుదుము. చెప్పనివానిని “కులాభిమానము లేనివాఁ”డందుము! మహాజనులారా, ఈ మాట పోషకుల యెదుట చెప్పుటకు జంకుగనే యున్నది, అయినను జెప్పెదను. ఆ పిల్లవానిచేత నియమము మీఱించుచున్నది వాని దురాశ కాదు, మన యొత్తిడి. పట్టుబడినపుడు జాబితా చూచి యానందించినవారిలో నొక్కఁడును వానివెంట విచారణకుఁ బోఁడు. కులమునుబట్టి సంగతి యందించునని పేరుపడిన గుమాస్తాను రేపు ఏ యధికారి నమ్మును? వానివెనుక వచ్చు మన పిల్లల నెవఁడు నమ్మును?

ఈ ప్రాంతమునకుఁ బరువైన సంప్రదాయము లేకపోలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు దేవస్థానపు శాసనములను బరిశోధించు కొలువులో నుండి, మహంతులపాలనకాలముననే 1930లో వానినిగూర్చి నివేదికను బ్రకటించిరి. గోడలమీఁదనున్న రాజుల దానములు, భూముల లెక్కలు, పూజల యేర్పాటులు లోకమునకుఁ దెలిసినవి. ఉద్యోగమువలన లభించిన జ్ఞానము సంస్థ యనుమతితోనే సర్వజనులసొత్తు కావచ్చుననుటకు అంతకంటె నిదర్శన మేమి కావలయును? మఱియొకరు మన చిత్తూరుప్రక్కనున్న కట్టమంచివారు. ఆంధ్రవిశ్వవిద్యాలయపుఁ బ్రథమోపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఉప్పుసత్యాగ్రహకాలమున ప్రభుత్వపు దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా నిచ్చిరి. పదవిలో నుండి పలుకఁగూడనిదానిని బదవి విడిచి పలికిరి. 1936లో నదే పీఠమునకు మరలఁ బిలువఁబడిరి. అందఱును కట్టమంచివారు కాలేరు. నెలజీతముతోఁ దల్లిదండ్రులను బోషించువానికి రాజీనామా యనునది మాటలతోఁ బోవునది కాదు. వానికి మాట చెప్పుకొను త్రోవ కొలువులోపలనే కావలయును.

కాఁబట్టి ఈ మహాసభముందు నొక తీర్మానమును బెట్టుచున్నాను. మన సంఘపు విద్యానిధినుండి కొంత ద్రవ్యమును వేఱుపఱచి, ప్రవర్తననియమములలో వ్రాఁతకును మాటకును సంబంధించిన భాగములను సులభమైన తెలుఁగులోఁ జిన్నపుస్తకముగా నచ్చువేయించి, కొలువులోఁ జేరు ప్రతి యువకునికిని యువతికిని ఉచితముగా నీయవలయును. సదుద్దేశముతో సలహా వ్రాసి సంజాయిషీ నోటీసు పొందినవారికి సమాధానము వ్రాసి యిచ్చుటకు మనలోని యిద్దఱు వకీలులును, ముగ్గురు విశ్రాంతోద్యోగులును గల యుపసంఘము నేర్పఱుపవలయును. అందు నా పేరును జేర్చుకొనుఁడు. మన వాట్సాపుకూటములలోఁ గచేరీ కాగితములను వేయువారిని మొదటిసారి మందలించి, రెండవసారి కూటమినుండి తొలఁగింపవలయును. వేయుమని యడిగినవారికిని నదే శిక్ష. ఈ తుదిభాగము కొందఱికి రుచింపదని యెఱుఁగుదును. అధ్యక్షులవారు తీర్మానమును మూఁడుభాగములుగా విడఁదీసి సభాభిప్రాయము తీసికొన్నను నాకు సమ్మతమే. కాని మూఁడవభాగమును మొదటఁ దీసికొనవలసినదని కోరుచున్నాను.